అడ్డుకోతలో మేకు

నేను లెక్కల టీచరును. పెనుకొండలో ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తాను, ధర్మవరంలో కాపురం ఉంటాను, పుట్టి పెరిగింది హిందూపురంలో. మూడూళ్ళూ ఒకే రైలుదారి మీద ఉన్నాయి కాబట్టి నా బతుకంతా ఆ దారి మీదే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. పిల్లలు నన్ను చూసి భయపడతారని మా హెడ్మాస్టరు అంటుంటారు. నిజమే, నాకు కోపం ఎక్కువ. కానీ ఏడాదికి ఒకరోజు నేనే ఒక పాఠాన్ని చూసి భయపడతాను. ఘనాకారాలను కోస్తే లోపల ఏ ఆకారం కనిపిస్తుందో చెప్పే పాఠం అది. పుస్తకంలో దాన్ని అడ్డుకోతలు అంటారు.

పెద్ద కష్టమైన పాఠమేం కాదు. అరటిబోదెను అడ్డంగా కోస్తే గుండ్రం. ఏటవాలుగా కోస్తే సాగిన గుండ్రం, అదే దీర్ఘవృత్తం. నిలువుగా కోస్తే దీర్ఘచతురస్రం. వస్తువు ఒకటే, కత్తి పోయిన దారిని బట్టి ముఖం మారుతుంది. ఇది నాకు ఏ మాస్టరూ నేర్పలేదు. బడిలో ఈ పాఠం వచ్చేనాటికే నాకు తెలుసు. మా నాయన నేర్పాడు.

నాయన హిందూపురంలో ఒక సామిల్లులో కోతపని చేస్తాడు. ఇప్పుడు అరవై ఐదేళ్ళు. పని మానమంటే వినడు. చిన్నప్పుడు మధ్యాహ్నం సద్ది తీసుకుని పోతే, తిన్నాక నన్ను దుంగల మధ్యన తిప్పేవాడు. దుంగ కొసన కనిపించే ముఖం చూసి లోపల ఏముందో చెప్పేవాడు. అక్కడ గోధుమరంగు చుక్క ఉంటే అది కొమ్మ మొదలట. పలకలు కోసేకొద్దీ ఆ చుక్క జరుగుతూ, పెద్దదవుతూ పోతుందట. కోసి చూస్తే అచ్చం అలాగే ఉండేది. చూడకుండానే లోపలిది చెప్పే మనిషి అని నాకు మహా గర్వంగా ఉండేది.

ఆయన భయపడేది ఒక్కదానికే. నల్ల మరకకు.

"ఇది చూడు పాపా," అని ఒకసారి చింతదుంగ ముఖం మీద వేలు పెట్టి చూపించాడు. సిరా ఒలికినట్టు ఒక మరక. "దీని లోపల యాడో ఇనుము ఉండాది. చింతలో ఇనుము పడితే కట్టె నల్లబడతాది. ఆ నలుపు ఉన్నచోటనే ఉండదు, పైకీ కిందికీ పాకుతాది. నలుపు కనపడితే రంపం ఆపాల. ఆపకపోతే మనిషి పోతాడు."

చెట్టు లోపలికి ఇనుము ఎలా వస్తుందో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. దయ్యం పట్టిందనుకున్న మనిషి కోసం చింతచెట్టుకో వేపచెట్టుకో మేకు కొడతారు. పట్టిన పీడ మనిషిని వదిలి, మేకుతో పాటు చెట్టులో ఉండిపోతుందని నమ్మకం. హిందువులూ కొడతారు, మా సాయిబుల ఇళ్ళవాళ్ళూ కొడతారు, ఈ ఒక్క విషయంలో ఎవరికీ తేడాల్లేవు. కొట్టినవాళ్ళు ఇంటికి పోతారు. చెట్టు ఏటేటా లావెక్కుతూ మేకును మింగేస్తుంది. ఏ ఇరవై ఏళ్ళకో చెట్టు పడుతుంది, దుంగ మిల్లుకు వస్తుంది. లోపల మేకున్న సంగతి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సద్ది పట్టుకుని మిల్లు వీధిలోకి తిరిగాను. ఎప్పుడూ వీధి మొదట్లోనే రంపం చప్పుడు వినిపించేది. ఆరోజు వినిపించలేదు. కరెంటు పోయిందేమో అనుకుని లోపలికి పోయాను. నాయనతో పాటు పనిచేసే ఆయన, నేను మామా అని పిలిచే మనిషి, రంపపుపొట్టులో కూర్చుని ఉన్నాడు. పక్కనున్నవాళ్ళు ఆయన ముఖానికి తువ్వాలు అదిమి పట్టుకున్నారు. వేపదుంగలో మేకు తగిలి బ్లేడు తెగి, ముక్క ఎగిరి ఆయన కంట్లో దిగింది. ఆ కన్ను మళ్ళీ రాలేదు. నాకు నెత్తురు కంటే ఆ నిశ్శబ్దమే బాగా గుర్తుంది. అప్పటినుంచి మిల్లు చప్పుడు ఆగిందంటే ఎవరికేమైందోనని చూస్తాను.

ఆరోజు నుంచి నాయన మేకులు కొట్టేవాళ్ళను తిట్టని తిట్టు లేదు. "వాళ్ళ దయ్యం వదిలేదానికి మా కండ్లు కావాల్నా?" అని వీధిలో నిలబడి అరిచేవాడు. మా ఇంట్లో మేకు అన్న మాట ఎత్తాలంటే భయం.

అందుకే మేకు కొట్టిన సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

నాకు పదకొండేళ్ళు. అమ్మకు ఉన్నట్టుండి మూర్ఛలు రావడం మొదలయ్యాయి. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి పక్కకు ఒరిగిపోయేది, నోట్లోంచి నురగ వచ్చేది. లేచాక నన్ను కూడా కాసేపు గుర్తుపట్టేది కాదు. నాయన డాక్టర్ల వెంట తిరుగుతుంటే, మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, మంత్రాలవాళ్ళ వెంట తిరిగింది. గోరంట్ల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన పసుపు పూసిన మేకు ఇచ్చాడు. జానెడు పొడవు ఉంది. కన్నబిడ్డ చేత్తో కొట్టాలన్నాడు. తొమ్మిది దెబ్బల్లో తల దాకా దిగాలి, పదో దెబ్బ కొట్టకూడదు.

నాయన సంచిలోంచి సుత్తి దొంగిలించాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మనిషి తిరగని ఎండలో, అవ్వ నన్ను పెనుకొండ రోడ్డుకు తీసుకుపోయింది. ఊరి బయట మైలురాయి పక్కన పెద్ద చింతచెట్టు ఉండేది. మైలురాయి ఎక్కించి, పడకుండా వెనక నుంచి నా నడుం పట్టుకుంది. నా ముఖానికి ఎదురుగా మేకు ఆనించి కొట్టాను. ఒకటి, రెండు, మూడు. సుత్తి బరువు. నాలుగో దెబ్బకే చేయి లాగింది. అవ్వ వెనక నుంచి లెక్కపెడుతోంది. తొమ్మిది అనేసరికి మేకు సగం బయటే ఉంది.

ఇంకొకటి కొడతానన్నాను. అవ్వ సుత్తి లాక్కుంది. ఆమె ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. "సాల్లే మే, దిగు," అంది. నా చేయి పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చింది.

నాలుగు నెలలకు అమ్మ పోయింది. ఈలోపల నాయన ఆమెను బెంగళూరు తీసుకుపోయి తల స్కాను తీయించాడు. ఆ పటాలు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో చాలా ఏళ్ళు ఉండేవి. ఎవరూ లేనప్పుడు తీసి కిటికీకి ఆనించి చూసేదాన్ని. తలను పైనుంచి కిందికి అడ్డంగా కోసుకుంటూ పోయినట్టు వరసగా బొమ్మలు. ఒకదాంట్లో చిన్న తెల్ల చుక్క, తర్వాతి దాంట్లో కాస్త పెద్దది, తర్వాత ఇంకా పెద్దది, ఆ తర్వాత మళ్ళీ చిన్నది. ఉండ అన్నమాట. గోళాన్ని పొరలు పొరలుగా కోస్తే అలాగే వస్తుంది. అమ్మ తలలో గడ్డ ఉందని ఎవరూ చెప్పకముందే నాకు అలా తెలిసింది.

తెలిసినా లాభం లేకపోయింది. గడ్డ వల్ల పోయిందని పగలు నమ్మేదాన్ని. పడుకునేటప్పుడు మాత్రం సగం బయటున్న మేకు కళ్ళ ముందుకు వచ్చేది. ఎమ్మెస్సీ చదివినా, పాతికేళ్ళు గడిచినా అంతే. నేను గట్టిగా కొట్టి ఉంటే, అన్న మాట నన్ను వదల్లేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇక ఆరోజు సంగతి. బక్రీదుకు వారం ఉంది. పండగ ముందు నాయనకు చేతినిండా పని ఉంటుంది. కసాయివాళ్ళు మాంసం కొట్టే మొద్దులు చింతకట్టెవే కావాలంటారు, కత్తి దెబ్బకు పొట్టు రేగదని. చింతదుంగను అడ్డంగా, అడుగు మందాన గుండ్రాలుగా కోస్తే ఒక్కో గుండ్రం ఒక్కో మొద్దు. పెనుకొండ స్టేషనులో దిగి బడికి నడుస్తుంటే ఫోను చేశాడు. రోజూ మిషను వేయకముందు, టీ తాగుతూ చేస్తాడు.

"రోడ్డు వెడల్పు చేస్తాండారు కదా, మైలురాయి కాడి చింతచెట్టు కొట్టేసినారు. రాత్రే మన మిల్లుకు వచ్చింది," అన్నాడు. "కిందిది ఆరడుగుల దుంగ, పైది ఏడడుగులు. రంపానికి పదును పెట్టుకొని పదకొండుకు మొదలు పెడతాం."

నా కాళ్ళు ఆగిపోయాయి. ఏ మైలురాయి అని అడగాల్సిన పని లేదు.

చెప్పేయాల్సింది. నాయనా, అందులో మేకుంది, కొట్టింది నేనే అనాల్సింది. నోరు రాలేదు. అమ్మ గురించి మేమిద్దరం మాట్లాడుకోం. పైగా మేకు. నలభైకి దగ్గర పడుతున్న నేను, తరగతి గదిలో అరిస్తే పక్క గదులు కూడా నిశ్శబ్దమయ్యే నేను, రోడ్డు పక్కన నిలబడి పదకొండేళ్ళ పిల్లనైపోయాను. అయినా బుర్ర పనిచేసిందనుకున్నాను. మేకు కొట్టి ఇరవై ఏడేళ్ళు. చెట్టు ఎంత పెరిగి ఉంటుందో, మేకు కూడా దాంతో పాటు అంత పైకి పోయి ఉంటుంది. అంటే పై దుంగలో ఉంటుంది. ఇంత తేలికైన లెక్క.

"నాయనా, పై దుంగ ఇయ్యాల కోయొద్దు," అన్నాను. "బడికి దాంట్లోంచి ఒక నిలువు పలక కావాల. సాయంత్రం నేనే వచ్చి చూపిస్తా. కింది దుంగ కోసుకోండి."

అవతల టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. మిల్లులో ఎవరో దగ్గడం వినపడింది.

"సరేలే పాపా," అన్నాడు.

గండం తప్పించినంత ధీమాగా బడికి పోయాను. సాయంత్రం పోయి, ఎదురుగా కూర్చోబెట్టి, తిట్టినా పడి, చెప్పేద్దామనుకున్నాను. పదిన్నరకు తొమ్మిదో తరగతి. టైంటేబులు ప్రకారం ఆరోజు పాఠం అడ్డుకోతలు. నవ్వొచ్చింది కూడా. క్యారెట్లు తెచ్చి పెట్టుకున్నాను, కోసి చూపించాను. మనసు మాత్రం మిల్లులోనే ఉంది. అందుకేనేమో, పుస్తకంలో లేనిది బోర్డు మీద గీశాను. నిలువుగా ఒక చెట్టు మాను, అందులో అడ్డంగా ఒక మేకు.

"ఈ దుంగను పలకలు పలకలుగా నిలువుగా కోస్తే మేకు ఎలా కనిపిస్తుంది?"

"చుక్క టీచర్!"

"గుండ్రాలుగా అడ్డంగా కోస్తే?"

కాసేపు గుసగుసలు. "గీత టీచర్. రంపం సరిగ్గా దాని మీద పోతే పొడుగు గీత."

"బాగుంది. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు మేకు ఇక్కడ కొట్టారు. పాతికేళ్ళు పెరిగింది. ఇప్పుడు మేకు ఎక్కడుంటుంది?"

"పైన!" అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది. మూడో వరసలో ఒక అమ్మాయి మాత్రం నోరు తెరవలేదు. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల, గోరంట్ల దారిలో ఒక పల్లె నుంచి బస్సులో వస్తుంది.

"నీకేమైందే? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

లేచి నిలబడింది. "ఆడనే ఉంటాది టీచర్."

"ఎక్కడ?"

"కొట్టినచోటనే. మా నాయన గొర్రెలకు కొమ్మలు కొట్టేదానికి మా చింతచెట్టుకు గొడ్డలితో మెట్లు పెట్టినాడు. చిన్నప్పుడు నాకు అందుతా ఉండ్లేదు. ఇప్పుడు అందుతాండాయి. నేను పెరిగినా గానీ మెట్లు ఆడనే ఉండాయి. చెట్టు కొసన పెరుగుతాది టీచర్, కింద లావైతాది అంతే."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. బోర్డు మీది మేకు బొమ్మ వైపు తిరిగాను. ఆ పిల్ల చెప్పింది వినగానే నాకు అంతా తెలిసిపోయింది. చెట్టు చుట్టూ లావెక్కుతుంది, మేకును లోపలికి మింగుతుంది, పైకి మోసుకుపోదు. మేకు నేను మైలురాయి ఎక్కి కొట్టిన ఎత్తులోనే ఉంది. కింది దుంగలో. కోసుకోండి అని నేను చెప్పిన దుంగలో.

గోడ గడియారంలో పదకొండు కావడానికి పది నిమిషాలుంది.

వరండాలోకి వచ్చి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నాయన పనిలో ఉంటే ఫోను చొక్కా జేబులో ఉంటుంది, చొక్కా కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. మిల్లు యజమానికి చేశాను, ఆయన ఫోను అందుబాటులో లేదు. ఇంకెవరి నంబరూ లేదు నా దగ్గర. ఇన్నేళ్ళలో ఆ మిల్లులో ఇంకొకరి నంబరు అడిగి రాసుకోవాలని నాకు తోచలేదు. హెడ్మాస్టరు గదిలోకి పోయి "మా నాయనకు బాగాలేదు" అన్నాను. ఆ మాట అన్నాక, అదే నిజమవుతుందేమోనని ఇంకా భయమేసింది. పర్మిషను రాయకుండానే బయటపడ్డాను.

హిందూపురం బస్సు కదులుతుంటే ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఊపిరి కూడదీసుకునే లోపలే లెక్క మొదలైంది. నాకు వేరే ఏం చేతనవును? చెట్టును నేల నుంచి అడుగు ఎత్తులో కోసి ఉంటారు. మైలురాయి రెండడుగులు, దాని మీద నేను, నా ముఖం ఎత్తు నాలుగడుగులకు తక్కువ. మేకు నేలకు ఐదున్నర, ఆరడుగుల్లో ఉంటుంది. దుంగ మొదటి నుంచి లెక్కేస్తే అయిదో మొద్దులో. ఒక్కో మొద్దు కోయడానికి పావుగంట. పదకొండుకు మొదలుపెడితే పన్నెండుకు నాలుగు మొద్దులు అయిపోతాయి.

బస్సు హిందూపురం చేరేది పన్నెండుంపావుకు.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. నిలువు పలకలు కోస్తే రంపం మేకుకు ఒక్క చోట తగులుతుంది. మొద్దులకు కోసేది అడ్డుకోత. మేకూ అడ్డంగానే ఉంది. కోత సరిగ్గా అక్కడ పడితే మేకు పొడవంతా రంపానికి ఎదురు నిలబడుతుంది. పడకపోతే ఒక అంగుళం తేడాతో ఏమీ తగలదు. పొద్దున పిల్లలతో బోర్డు మీద చెప్పించింది అదే. గీత టీచర్, పొడుగు గీత. మొద్దులు కోసేది పెద్ద మిషను మీద కాదు, చేత్తో పట్టుకునే గొలుసు రంపంతో. ఇనుము తగిలితే అది వెనక్కి, పైకి తన్నుకొస్తుంది. పట్టుకున్న మనిషి గొంతు దగ్గరికి.

సోమందేపల్లిలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి టీ తాగడానికి పోయాడు. మామూలుగా అయితే నేను కండక్టరుతో పోట్లాడేదాన్ని. ఆరోజు పోట్లాడలేదు. "అన్నా, తొందరగా..." అని మాత్రం అన్నాను. కండక్టరు నా ముఖం చూసి కంగారుపడి, "ఏమైందక్కా?" అంటూనే డ్రైవరును కేకేశాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ నీళ్ళ బాటిలు నా చేతిలో పెట్టింది. మూత తీయకుండానే ఒళ్ళో పెట్టుకున్నాను. నాకు తెలిసిన దువాలన్నీ చదివాను. నేను చివరిసారి అంత మనసు పెట్టి చదివింది అమ్మ కోసం. అది గుర్తొచ్చి మధ్యలో ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టాను.

ఊరు దగ్గర పడుతుండగా రోడ్డు పక్కన చెట్టు మొదలు కనిపించింది. మైలురాయిని పెకిలించి పక్కన పడేశారు. చెట్టు లేని ఆ చోట ఆకాశం మరీ ఎక్కువగా ఉంది. మొదలు ముఖం తెల్లగా, నడుమ గోధుమరంగుగా, తాజాగా ఉంది. బస్సు దాటిపోయేదాకా మెడ తిప్పి దాని మీద నల్ల మరక కోసం వెతికాను. ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది.

బస్టాండులో దిగి ఆటో ఎక్కి, మిల్లు వీధి మొదట్లో దిగి పరిగెత్తాను. చీర కాళ్ళకు అడ్డం పడుతోంది. పది అడుగులు వేశాక ఆగిపోయాను.

చప్పుడు లేదు.

పన్నెండున్నర కూడా కాలేదు. మిల్లు ఒంటిగంటకు గానీ ఆపరు. ఎదురుగా బడ్డీకొట్టులో ఫ్యాను తిరుగుతోంది, కరెంటు ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు సద్దిగిన్నె పట్టుకుని నిలబడినచోటే నిలబడ్డాను. వెనక్కి పారిపోవాలనిపించింది. లోపలికి పోతేనే కదా అది నిజమయ్యేది, పోకపోతే కాదు కదా అని ఒక పిచ్చి ఆలోచన. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఆ నిమిషంలో నేను నాయన దగ్గరికి పోలేదు. చూడాల్సి వస్తుందన్న భయంతో అక్కడే ఉండిపోయాను.

తర్వాత లోపల నుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. టక్. ఆగి, మళ్ళీ టక్.

లోపలికి పోయాను. నలుగురైదుగురు పనివాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి నాయన కనిపించాడు. గొంతుక్కూర్చుని, మిగిలిన దుంగకు చెవి ఆనించి, సుత్తితో తడుతున్నాడు. రెండు చేతులూ ఉన్నాయి. రెండు కళ్ళూ ఉన్నాయి. పక్కన నాలుగు మొద్దులు. నాలుగో మొద్దు ముఖం మీద అరచేతి పొడవున నల్లటి మరక.

"మిషన్ ఆపేయమంటి, తట్టే చప్పుడు వినబడదని," అన్నాడు నన్ను చూసి, ఏమీ జరగనట్టు. "ఏం పాపా, బడి లేదా?"

నాకు కోపం వచ్చింది. భయం తీరగానే నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది. "ఫోను ఎందుకు ఎత్తవు నువ్వు? ఎన్నిసార్లు చేయాల? చచ్చిపోతాననుకొన్నా నేను!" అని అంతమందిలో అరిచి, అక్కడే పొట్టులో కూలబడి ఏడ్చాను. పనివాళ్ళు ఒక్కొక్కరే టీకని బయటికి పోయారు.

నాయన మేకు పొడవు వెంబడి దుంగలో ఉలితో సన్నగా గీశాడు. కొస పలచగా ఉండే ఇనుప ముక్కలు దిగ్గొట్టి దుంగను చీల్చాడు. తొందరేం పడలేదు. చీలిక రెండుగా విడిపోయింది. నడుమ తుప్పుపట్టిన మేకు పడుకుని ఉంది, చుట్టూ కట్టె నల్లగా.

"నువ్వు పై దుంగ వద్దన్నప్పుడే అనుకొంటి, ఈ మేకు గురించేనని," అన్నాడు. "లెక్కల టీచరువి. ఎత్తు లెక్క తప్పిపోతివే."

"నీకు తెలుసా?"

"ఆ పొద్దు నా సుత్తికి పసుపు అంటుకొని ఉండ్లే? తుడ్చుకొన్నా. మర్సటి దినం వెతుక్కుంటా పోయినా. మైలురాయి ఎక్కితే పిల్లకు అందే ఎత్తు."

"మరి పీకేయలేదా? నువ్వు?"

నాయన చీలిక వైపు వంగాడు. మేకు మీది తుప్పును బొటనవేలితో రాల్చాడు.

"పట్టకారు ఎత్తుకొనే పోయినా. పెట్టినా కూడా దాని తలకు. ఊర్లో అందరినీ తిట్టేవాణ్ణి, నా ఇంటి మేకును పీకలేకపోయినా. ఒకవేళ, అనిపించింది పాపా. ఒకవేళ ఇదే మీ అమ్మను పట్టి నిలబెడితే, అని. ఇంటికి వచ్చేసినా." తుప్పు అంటిన వేలు లుంగీకి తుడుచుకున్నాడు. "అప్పట్నుంచీ ఆ చెట్టును చూసుకుంటానే ఉండా. ఎవురి మిల్లుకో పోయి ఎవురి కన్ను పోతాదో అని. కొడతాండారంటే యజమాని కాళ్ళావేళ్ళా పడి ఈడికి తెప్పించినా."

ఇరవై ఏడేళ్ళు. ఒకే మేకుకు ఇద్దరం భయపడుతూ, రోజూ మాట్లాడుకుంటూనే, ఒకరికొకరం చెప్పుకోకుండా గడిపేశాం. ఆయనను చూస్తే నాకు జాలేసింది, నన్ను చూసుకుంటే ఇంకా ఎక్కువ జాలేసింది. చెంగుతో ముక్కు తుడుచుకుని దగ్గరికి జరిగాను. అడగాల్సింది ఒకటే మిగిలింది. దాన్ని అడగడం దుంగ ముందు నిలబడినంత భయంగా ఉంది.

"సగమే దిగింది కదా నాయనా?"

చీలికను వెలుతురుకు తిప్పాడు. మేకు సగం వరకు కట్టె నునుపుగా, గట్టిగా ఉంది. అక్కడి నుంచి తల దాకా పాత బెరడు పీచు మేకు చుట్టూ చిక్కుకుపోయి ఉంది. ఆ ఏటి చెట్టు అంచు ఎక్కడిదాకా ఉండేదో ఎవరైనా చదివేయొచ్చు. ఆయన అబద్ధం చెబుతాడేమోనని ఆయన ముఖం వైపు చూశాను.

"సగమే," అన్నాడు. "పదకొండేండ్ల పిల్ల చెయ్యి, అంతే దిగుతాది." చీలికను కింద పెట్టాడు. "మొత్తం దిగినా మీ అమ్మ ఉండేది కాదు పాపా. బెంగళూరులో ఆ పటాలు నేనూ చూసినా. ఒక్కో కోతకూ ఆ చుక్క ఎట్ల పెద్దదైతా పోయిందో నాకు తెల్దా? మనిషి లోపలికి పోయి పీకే పట్టకారు యాడుంది?"

ఆయన మేకును ఊడబెరికి, చేతిలో అటూ ఇటూ తిప్పి, కొక్కేనికి వేలాడుతున్న తన చొక్కా జేబులో, ఫోను పక్కన వేసుకున్నాడు. పనివాళ్ళను కేకేశాడు. పండగకు మొద్దులు ఇంకా కావాలి, రెండో దుంగ మిగిలే ఉంది. నన్ను ఇంటికి పొమ్మన్నాడు. పోనన్నాను.

పై దుంగలో ఏమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా రంపం కట్టెను తాకిన ప్రతిసారీ నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. ఏడు మొద్దులు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.